ఇటాలియన్‌కీ జులాకీ మధ్య నిలబడింది ఎవరు?

ఈ రోజు రెండు భాషల గురించి మాట్లాడుకుందాం. ఒకటి ఇటాలియన్. దీని గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పిజ్జా, పాస్తా, ఫెరారీ అనగానే గుర్తొచ్చే భాష. రెండోది జులా. ఈ పేరు మీలో చాలామంది మొదటిసారి వింటూ ఉండొచ్చు. పశ్చిమ ఆఫ్రికాలో బుర్కినా ఫాసో, ఐవరీ కోస్ట్ దేశాల్లో సంతలో, బస్టాండులో, టాక్సీలో లక్షల మంది మాట్లాడుకునే భాష ఇది. పక్కనే మాలీలో మాట్లాడే బంబారా, గాంబియాలో మాట్లాడే మండింకా దీనికి అక్కచెల్లెళ్ళ లాంటివి. ఈ కుటుంబం మొత్తాన్నీ మాండింగ్ భాషలు అంటారు.

‘ఈ రెండింటికీ ఏంటి బ్రో సంబంధం’ అని మీకు అనిపించొచ్చు. సంబంధం ఉంది. దాదాపు 800 ఏళ్ళ నాటిది. ముందు అది బంగారంతో మొదలైంది. ఇప్పుడు ఇటలీలో ఒక గదిలో, ఒక టేబుల్‌కి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు మనుషుల దాకా వచ్చింది. ఆ ఇద్దరి మధ్యా మూడో మనిషి ఒకరు ఉంటారు. తర్జుమా చేసే మనిషి. మన పాత తెలుగులో దుబాసీ అంటారు, అంటే రెండు భాషలవాడు. ఈ ఎపిసోడ్ అసలు హీరో ఆ దుబాసీయే. చరిత్ర పుస్తకాల్లో పేరు లేకుండా పోయింది కూడా అతనికే.

బంగారం వెళ్ళింది, మాట వెళ్ళలేదు

1252లో ఇటలీలోని రెండు నగరాలు, జెనోవా, ఫ్లోరెన్స్, బంగారు నాణేలు కొట్టడం మొదలుపెట్టాయి. ఫ్లోరెన్స్ నాణెం పేరు ఫియొరీనో. బరువు సుమారు మూడున్నర గ్రాములు. 1284లో వెనిస్ కూడా తన డుకాట్‌ని తెచ్చింది. అంతకు ముందు పడమటి ఐరోపాలో వందల ఏళ్ళ పాటు ఎక్కువగా నడిచింది వెండి నాణేలే. మరి ఇంత బంగారం ఎక్కడి నుంచి వచ్చింది? అందులో పెద్ద వాటా పశ్చిమ ఆఫ్రికాది. బంబుక్, బురె అనే ప్రాంతాల్లో మట్టిని కడిగి తీసిన బంగారం. తర్వాత్తర్వాత ఇప్పటి ఘనా దేశపు అడవుల నుంచి కూడా వచ్చింది. ఒంటెల మీద సహారా ఎడారి దాటి ఉత్తర ఆఫ్రికా రేవులకు చేరేది. అక్కడ ఇటలీ వర్తకులు కొనుక్కునేవాళ్ళు.

గనుల దగ్గర నుంచి ఎడారి అంచు దాకా ఆ సరుకు నడిపించింది ఎవరంటే, దూరాలకు వెళ్ళి వ్యాపారం చేసే ముస్లిం వర్తకులు. అరబ్బీ రచనల్లో వాళ్ళని వంగారా అన్నారు. వాళ్ళ సొంత భాషలో వర్తకుణ్ణి ‘జులా’ అంటారు. అవును, భాష పేరు అదే. జులా అంటే వ్యాపారి. బంగారం, ఉప్పు, కోలా గింజలు, బట్టలు, వీటితో పాటు వాళ్ళ మాట కూడా ఊరి నుంచి ఊరికి వెళ్ళింది. ఒక్క ఉదాహరణ చెప్తా. బుర్కినా ఫాసోలో రెండో పెద్ద నగరం పేరు బోబో-జులాసో. ‘సో’ అంటే ఇల్లు, ఊరు. బోబో వాళ్ళూ జులా వాళ్ళూ ఉండే ఊరు. పేరులోనే ఇద్దరూ ఉన్నారు.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. బంగారం మాత్రం ఫ్లోరెన్స్‌కి చేరింది, కానీ అది ఎక్కడ తీస్తున్నారో ఇటలీ వాళ్ళకి తెలియదు. 1447లో జెనోవాకి చెందిన ఆంతోనియో మల్‌ఫాంతే అనే వర్తకుడు సహారా మధ్యలోని తువాత్ అనే ఒయాసిస్సు దాకా వెళ్ళాడు. అక్కడి నుంచి ఒక ఉత్తరం రాశాడు. తనకు ఆశ్రయం ఇచ్చిన మనిషిని బంగారం ఎక్కడ దొరుకుతుందని చాలాసార్లు అడిగాడట. ఆయనేమో పద్నాలుగేళ్ళు ఆ దేశాల్లో తిరిగినవాడు. అయినా, కచ్చితంగా తెలిసి చెప్పగలిగిన మనిషిని ఒక్కణ్ణి కూడా చూడలేదని జవాబిచ్చాడు. నాకైతే ఇందులో వ్యాపార రహస్యం వాసన వస్తోంది. మీ సప్లయర్ ఫోన్ నంబర్ మీరు పోటీదారుకి ఇస్తారా?

మాటలు లేని వ్యాపారం అనే కథ

ఇప్పుడు కథలోకి ఒక కుర్రాడు వస్తాడు. పేరు ఆల్వీజె కదమోస్తో, ఊరు వెనిస్. 1455లో పోర్చుగల్ యువరాజు హెన్రీ తరఫున ఓడలో ఆఫ్రికా పడమటి తీరానికి బయల్దేరాడు. అప్పటికి అతని వయసు ఇరవై దాటి రెండు మూడేళ్ళు, అంతే. ఆ ప్రయాణాల గురించి రాసింది 1507లో ఇటలీలోని విచెంజాలో అచ్చయింది.

అందులో కదమోస్తో తను విన్న ఒక కథ చెప్తాడు. ఉప్పు తెచ్చినవాళ్ళు నీటి ఒడ్డున ఉప్పు కుప్పలు వరసగా పెట్టి సగం రోజు దూరం వెనక్కి వెళ్ళిపోతారట. అప్పుడు ఎవరికీ కనబడని ఇంకో జాతివాళ్ళు పడవల్లో వచ్చి ప్రతి కుప్ప పక్కనా కొంత బంగారం పెట్టి పోతారట. ఉప్పు వాళ్ళు తిరిగొచ్చి, ధర నచ్చితే బంగారం తీసుకుంటారు. లేకపోతే అలాగే వదిలేస్తారు. ఒక్క మాట లేదు, ఒక్క ముఖం కనబడదు. మాటలు లేని వ్యాపారం.

చాలామంది చరిత్రకారులు దీన్ని నమ్మరు. అంత పెద్ద వ్యాపారం, వందల ఏళ్ళ పాటు, మాటల్లేకుండా నడుస్తుందా? అప్పు ఉంటుంది, బేరం ఉంటుంది, నాణ్యత గొడవ ఉంటుంది. నిజానికి అక్కడ రెండు మూడు భాషలు వచ్చిన మనుషులు నిండా ఉన్నారు. వాళ్ళే జులాలు. వాళ్ళ వ్యాపారమంతా దాని మీదే ఆధారపడింది. పరాయి ఊళ్ళో ఒక వీధి కట్టుకుని స్థిరపడటం, అక్కడి భాష నేర్చుకోవడం, అక్కడి వాళ్ళతో కలిసి బతకడం. ‘మాటలు లేవు’ అనే కథ చేసిన పని ఏంటంటే, మధ్యలో ఉన్న ఈ దుబాసీని సీన్‌లోంచి తీసేసింది.

కదమోస్తో తన ఓడల్లో దుబాసీలను కూడా తీసుకెళ్ళాడు. వాళ్ళెవరు? పోర్చుగల్‌లో బానిసలుగా ఉన్న ఆఫ్రికా మనుషులు. యజమానుల దగ్గర అద్దెకు తెచ్చిన వాళ్ళు. అద్దె ఏంటో తెలుసా? ఒక దుబాసీకి ఒక బానిస. ఒక దుబాసీ తన యజమానికి నలుగురు బానిసల్ని సంపాదించి పెడితే అతనికి విడుదల. ఈ లెక్క కదమోస్తోనే రాసుకున్నాడు, మామూలు జమాఖర్చు రాసినట్టు. అలాంటి దుబాసీల్లో ఒకణ్ణి ఒకచోట సమాచారం కనుక్కు రమ్మని ఒడ్డుకి పంపారు. ఒడ్డున ఉన్నవాళ్ళు అతనితో కాసేపు మాట్లాడారు, తర్వాత అక్కడే నరికి చంపారు. ఓడ ముందుకు సాగిపోయింది. ఆ మనిషి పేరు కూడా ఆ రచనలో లేదు.

గాంబియా నదిలో మొదటిసారి వెళ్ళినప్పుడు పోరాటమే జరిగింది. ‘మీరు మనుషుల్ని తినడానికే కొనుక్కుంటారని విన్నాం, మీ స్నేహం మాకొద్దు’ అని అక్కడివాళ్ళు దుబాసీల ద్వారానే జవాబు చెప్పారు. మరుసటి ఏడాది, 1456లో, మళ్ళీ వెళ్తే మాటలు కలిశాయి. అప్పుడు కదమోస్తో కొందరు నాయకుల పేర్లు రాసుకున్నాడు. ఒకరు బాతీమాన్సా, ఇంకొకరు న్యూమీమాన్సా. నిజానికి అవి మనుషుల పేర్లు కావు. ‘మాన్సా’ అంటే మాండింగ్ భాషల్లో రాజు. 1324లో హజ్ యాత్రకు వెళ్తూ కైరోలో బంగారం కుమ్మరించిన మాన్సా మూసా గుర్తున్నాడా? అదే మాన్సా. న్యూమీ అనే చోటికి రాజు, అంతే. మాండింగ్ మాటలు ఇటాలియన్ రచనలోకి ఎక్కిన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఎక్కడం బిరుదుగా ఎక్కాయి, మనిషి పేరుగా చదవబడ్డాయి. మన దగ్గర ‘కలెక్టర్ గారు’ అన్నదాన్ని పేరనుకుని రాసుకున్నట్టు.

ఒకటి పుస్తకంలోంచి, ఒకటి సంతలోంచి

ఈ రెండు భాషలూ పెద్దవైన దారి చూస్తే తమాషాగా ఉంటుంది. ఇటాలియన్ పుస్తకంలోంచి వచ్చిన భాష. ఫ్లోరెన్స్ ప్రాంతపు మాటలో డాంటే, పెట్రార్క్, బొకాచ్చో రాశారు. 1525లో పియెత్రో బెంబో అనే పండితుడు, రాయాలంటే ఆ పాత రచయితల భాషలోనే రాయాలని వాదించాడు. 1583లో ఫ్లోరెన్స్‌లో అక్కాదేమియా దెల్లా క్రుస్కా పుట్టింది, 1612లో నిఘంటువు వేసింది. కానీ 1861లో ఇటలీ ఒక్క దేశం అయ్యేనాటికి ఆ భాష మాట్లాడగలిగినవాళ్ళు ఎంతమంది? తుల్లియో దె మౌరో అనే భాషావేత్త లెక్క ప్రకారం వందకి రెండున్నర మంది. ఇంకో పండితుడి లెక్కలో పదిమంది దాకా. మిగతావాళ్ళంతా ఇంట్లో, వీధిలో తమ తమ ప్రాంతపు భాషలే. బడి, సైన్యం, రైలు, వీటికి తోడు 1954లో మొదలైన టీవీ, ఇవన్నీ కలిసి ఇటాలియన్‌ని ఇంటింటికీ తెచ్చాయి.

జులాది సరిగ్గా ఎదురు దారి. అది అకాడమీ నుంచి గానీ, ప్రభుత్వం నుంచి గానీ పుట్టింది కాదు. 18వ శతాబ్దం మొదట్లో సేకూ వతారా అనే నాయకుడు కాంగ్ నగరం కేంద్రంగా ఒక జులా రాజ్యం నిలబెట్టాడు. ఆ నగరం చదువులకు, వ్యాపారానికి పేరు పొందింది. 1897లో సమోరీ తూరే సేనలు దాన్ని ధ్వంసం చేశాయి. అక్కడి కుటుంబాలు చెల్లాచెదురై ఇతర ఊళ్ళకి వెళ్ళిపోయాయి. రాజ్యం పోయింది, భాష పోలేదు. ఎందుకంటే సంత పోలేదు. ఇంట్లో వేరే భాష మాట్లాడేవాడు కూడా బయటికి రాగానే జులా మాట్లాడతాడు.

పక్కపక్కన పెట్టి చూద్దాం

ఇప్పుడు కాస్త వ్యాకరణం. భయపడకండి, మీకు ఇది సులువు. తెలుగు వచ్చినవాళ్ళకి జులా నిర్మాణం ఎంత దగ్గరగా అనిపిస్తుందో చూపిస్తా.

‘నేను నీళ్ళు తాగుతాను.’ ఇటాలియన్‌లో ‘బేవో లాక్వా’. తాగుతాను ముందు, నీళ్ళు తర్వాత. జులాలో ‘న్ బె జి మిన్’. ‘న్’ అంటే నేను, ‘జి’ అంటే నీళ్ళు, ‘మిన్’ అంటే తాగడం. మధ్యలో ‘బె’ అనే ముక్క కాలాన్ని చెప్తుంది. నేను, నీళ్ళు, తాగు. మన వరసే.

‘ఇంట్లో.’ ఇటాలియన్‌లో ‘ఇన్ కాసా’. లో ముందు, ఇల్లు తర్వాత. జులాలో ‘సో కొనో’. ఇల్లు ముందు, లోపల తర్వాత. మళ్ళీ మన వరసే. ఇద్దరి మధ్యా చుట్టరికం ఏమీ లేదు, రెండు భాషలూ విడివిడిగా అలా తయారయ్యాయి, అంతే.

ఇక చివరి అచ్చు. తెలుగుని ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అంటారని స్కూల్లో మనందరం విన్నాం. ఆ మాటని 15వ శతాబ్దపు వెనిస్ యాత్రికుడు నికోలో దె కొంటికి ఆపాదిస్తుంటారు. మాటలు అచ్చుతో ముగియడమే కారణం. మరి ఆ లెక్కన జులా కూడా ఇదే క్లబ్బు. దాని మాటలు అచ్చుతో ముగుస్తాయి, లేదా ముక్కుతో పలికే అచ్చుతో. పరాయి మాట వస్తే చివర అచ్చు తగిలించి సొంతం చేసుకుంటుంది. ఫ్రెంచివాళ్ళ ‘తాబ్ల్’ అక్కడ ‘తబాలి’ అయింది, మన దగ్గర ‘టేబులు’ అయినట్టు. ఇటాలియన్ కూడా ఇంగ్లీషు బీఫ్‌స్టేక్‌ని ‘బిస్తెక్కా’ చేసుకుంది.

అర్థాల్లోకి వెళ్తే ఇంకా బాగుంటుంది. జులాలో ‘కలో’ అంటే చందమామ, నెల కూడా. ఇటాలియన్‌లో చంద్రుడికి ‘లూనా’, నెలకి ‘మేజె’, వేరే వేరే మాటలు. తెలుగులో? నెలవంక, నెలరాజు, ఒక నెల జీతం. ఒకటే మాట. అలాగే ‘తిలె’ అంటే సూర్యుడు, రోజు, ఒక కాలం కూడా. మనకి ‘పొద్దు’ ఉంది. పొద్దు పొడిచింది అంటే సూర్యుడు, ఇంత పొద్దుపోయి వచ్చావేంటి అంటే సమయం.

ఈ ‘తిలె’కి ఒక సాహిత్య కథ ఉంది. ఐవరీ కోస్ట్ రచయిత అహ్మదు కురూమా 1968లో వేసిన తన తొలి నవలకి ఫ్రెంచిలో ‘స్వాతంత్ర్యాల సూర్యులు’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఫ్రెంచి పాఠకుడికి అదొక వింత కవిత్వంలా వినిపిస్తుంది. మాండింగ్ వచ్చినవాడికి మాత్రం ‘స్వాతంత్ర్యాలొచ్చిన కాలం’ అని సాదాగా అర్థమవుతుంది. తర్వాత 2000లో వచ్చిన ఇంకో నవలలో ఆయన కథ చెప్పే పిల్లాడి చేతికి నాలుగు నిఘంటువులు ఇచ్చాడు. ఎవరికి ఏ మాట అర్థం కాదో వాళ్ళకి ఆ మాట విప్పి చెప్పడానికి.

రెండు భాషలూ సరిగ్గా కలిసే చోటు కూడా ఉంది. ‘బుర్కినా ఫాసో’లో మొదటి మాట మోరే భాషది, రెండోది జులాది. ఆ దేశానికి 1984లో ఆ పేరు పెట్టారు. ‘ఫా’ అంటే నాన్న, ‘సో’ అంటే ఇల్లు. ఫాసో అంటే నాన్న ఇల్లు, అంటే మన దేశం. ఇటాలియన్‌లో దేశాన్ని ‘పాత్రియా’ అంటారు. అదీ నాన్న అనే లాటిన్ మాట నుంచి వచ్చిందే. ఇక్కడ తర్జుమా చేసేవాడికి ఏ కష్టమూ లేదు. కష్టం అదే ‘ఫా’ దగ్గర, ఇంటి లోపల మొదలవుతుంది.

అన్నా, తమ్ముడా? ఏ నాన్న?

జులాలో తోడబుట్టినవాళ్ళలో పెద్దవాళ్ళని ‘కొరో’ అంటారు, చిన్నవాళ్ళని ‘దొగో’. మనకి అన్న, తమ్ముడు ఉన్నట్టే. ఇటాలియన్‌లో ‘ఫ్రతెల్లో’, ఒక్కటే. పెద్ద, చిన్న అని పక్కన ఇంకో మాట చేర్చొచ్చు, కానీ మామూలు మాటల్లో ఎవరూ చేర్చరు. ఇటు నుంచి అటు వెళ్తే ఒక సమాచారం రాలిపోతుంది. అటు నుంచి ఇటు వస్తే లేని సమాచారం కల్పించాలి.

ఇంకా ఉంది. నాన్న అన్నదమ్ముల్ని కూడా ‘ఫా’ అనే పిలుస్తారు. మనం పెదనాన్న, చిన్నాన్న అంటాం కదా, అలాగే. ఇటాలియన్‌లో వాళ్ళు ‘జీయో’, అంటే అంకుల్. అమ్మ తరఫువాళ్ళూ జీయోలే.

‘ఫాదెన్’ అని ఇంకో మాట ఉంది. ఫా, దెన్, నాన్న బిడ్డ. ఒకే తండ్రికి వేరే తల్లులకు పుట్టినవాళ్ళు, ఆ వరసలోని పెదనాన్న చిన్నాన్న బిడ్డలు. దాన్నుంచి ‘ఫాదెన్యా’ అనే మాట వచ్చింది. ఆస్తి కోసం, పేరు కోసం వాళ్ళ మధ్య నడిచే పోటీ అని అర్థం. ‘బాదెన్యా’ అంటే ఒకే తల్లి బిడ్డల మధ్య ఉండే దగ్గరితనం. మాలీ సామ్రాజ్యాన్ని స్థాపించిన సున్‌జాతా కథ అంతా సవతి అన్నతో నడిచిన ఫాదెన్యాయే. ఇటాలియన్‌లో దీనికి ఒక్క మాట దొరకదు. తెలుగులో చెప్పండి చూద్దాం. దాయాది! దాయాది పోరు అంటే మన ఊళ్ళో ఎవరికైనా అర్థమవుతుంది.

ఇటాలియన్‌కి తప్పనిసరి అయినవి కొన్ని జులాకి అక్కర్లేదు. ‘ఆ నానా’ అంటే వచ్చాడు, వచ్చింది, ఏదైనా కావొచ్చు. జులా సర్వనామానికి ఆడ మగ తేడా లేదు. ఇటాలియన్‌లో ‘ఎ వెనూతో’నా ‘ఎ వెనూతా’నా, తేల్చి చెప్పాల్సిందే. గొంతు ఎత్తు కూడా ముఖ్యం. ‘సో’ అనే మాటే స్వరం మారితే ఇల్లు కాస్తా గుర్రం అవుతుంది. మామూలు రాతలో ఆ స్వరం గుర్తు పెట్టరు.

మర్యాద సంగతీ అంతే. ఇటాలియన్ అధికారి ‘లెయ్’ అంటాడు, మన ‘మీరు’ లాగా. జులాలో ఒక్క మనిషికి మామూలుగా ‘ఇ’ అనే. మర్యాదంతా పలకరింపులో ఉంటుంది. రాత్రి శాంతిగా గడిచిందా, ఇంట్లో అందరూ శాంతిగా ఉన్నారా, ఇలా వరసగా సాగుతుంది. జవాబు మగవాళ్ళు ‘న్‌బా’ అంటారు, ఆడవాళ్ళు ‘న్‌సే’ అంటారు. పని చేసుకుంటున్నవాడు కనిపిస్తే ‘ఇ ని బారా’, నువ్వూ నీ పనీ, అని పలకరిస్తారు. దీనికి మాత్రం ఇటాలియన్‌లో దగ్గరి మాట ఉంది, ‘బువొన్ లవోరో’. తెలుగులో నాకు దొరకలేదు.

మధ్య కాలమ్ ఎవరిది?

నేను వీడియోలు మొదలుపెట్టకముందు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. కొన్నాళ్ళు ఒక యాప్‌ని మన భాషల్లోకి మార్చే పని చూశాను. ఒక పెద్ద షీట్ ఉండేది. మొదటి కాలమ్ ఇంగ్లీషు. తర్వాత తెలుగు, తమిళం, కన్నడ. తెలుగు చేసేవాళ్ళు, కన్నడ చేసేవాళ్ళు ఒకరి షీట్ ఒకరు చూసేవాళ్ళు కాదు. అన్న అనే మాట తెలుగులోనూ ఉంది, కన్నడలో అణ్ణ ఉంది. కానీ మధ్యలో ‘బ్రదర్’ గుండా వెళ్ళాక, పెద్దా చిన్నా ఎవరు చెప్తారు?

ఇటాలియన్, జులా మధ్య ఆ కాలమ్ ఫ్రెంచిది. ఆ దేశాలు ఒకప్పటి ఫ్రెంచి వలసలు. 1901లో మోరీస్ దెలఫోస్ అనే ఫ్రెంచి వలస అధికారి జులా వ్యాకరణం, ఫ్రెంచి నుంచి జులాకి పదకోశం ఉన్న పుస్తకం వేశాడు. మంచి పనే. కానీ అప్పటి నుంచి జులాని బయటివాళ్ళు చూసే కిటికీ ఫ్రెంచి అయిపోయింది.

దీనికి ఎదురు వెళ్ళిన మనిషి ఒకరున్నారు. గినీకి చెందిన సులేమానా కాంతే. ఆఫ్రికా భాషల్ని రాతలో పెట్టడం సాధ్యం కాదని ఎవరో రాసింది చదివి, 1949లో ఐవరీ కోస్ట్‌లో ఉండగా, మాండింగ్ భాషల కోసం కుడి నుంచి ఎడమకి రాసే కొత్త లిపిని తయారుచేశాడు. పేరు ‘న్‌కో’. అంటే ‘నేను అంటున్నాను’. జులాలో అన్నా, బంబారాలో అన్నా, మండింకాలో అన్నా అదే అర్థం. స్వరానికి గుర్తులు కూడా ఆ లిపిలో ఉన్నాయి. యూనికోడ్‌లోకి అది 2006లో వచ్చింది. తెలుగు 1991లోనే ఉంది. అంటే మన కంటే పదిహేనేళ్ళు ఆలస్యంగా.

ఇక మెషీన్లు. 2022లో మెటా కంపెనీ 200 భాషల మధ్య నేరుగా అనువదించే మోడల్ విడుదల చేసింది. అందులో ఇటాలియనూ ఉంది, జులా కూడా ఉంది. 2024 జూన్‌లో గూగుల్ ట్రాన్స్‌లేట్ ఒకేసారి 110 భాషలు చేర్చింది. జులా, న్‌కో రెండూ ఆ లిస్టులో ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు. కానీ మెటా మోడల్‌ని పరీక్షించడానికి వాడిన 3,001 వాక్యాలు చూడండి, అవన్నీ మొదట ఇంగ్లీషులో ఉన్నవి. వాటినే మిగతా భాషల్లోకి మార్చారు. అంటే ప్రశ్నపత్రం ఇంగ్లీషుది. దాయాది గురించి అడగాలని ఆ పేపర్ సెట్ చేసినవాళ్ళకి తట్టదు కదా.

ఆ గది

ఇప్పుడు మొదట చెప్పిన గదికి వద్దాం. 2023లో సముద్రం దాటి ఇటలీకి చేరినవాళ్ళు లక్షా యాభై వేలకు పైనే. వాళ్ళు వచ్చిన దేశాల్లో మొదటి మూడింటిలో ఐవరీ కోస్ట్ ఒకటి. ఆశ్రయం అడిగినవాళ్ళని ‘కమ్మిస్సియోనె తెర్రితోరియాలె’ అనే కమిషన్ పిలిచి, కథ అంతా చెప్పమంటుంది. అర్థమయ్యే భాషలో దుబాసీని పెట్టాలని చట్టం. రాసిన రిపోర్టుని చివర్లో మళ్ళీ చదివి వినిపించాలని కూడా ఉంది. కానీ నేరుగా జులా నుంచి ఇటాలియన్ చెప్పగలిగినవాళ్ళు అన్నిచోట్లా దొరకరు. ‘ఫ్రెంచి వచ్చు కదా, ఫ్రెంచిలో కానిచ్చేద్దాం’ అనేస్తారు. సంతలో నేర్చుకున్న రెండు ముక్కల ఫ్రెంచితో ఒక మనిషి తన బతుకంతా చెప్పాలి.

ఒక్కసారి ఊహించుకోండి. ఒక కుర్రాడు అంటాడు: “మా నాన్న చనిపోయాడు.” పది నిమిషాల తర్వాత అంటాడు: “మా నాన్న నన్ను కొట్టి, ఇంట్లోంచి గెంటేశాడు.” మొదటి ‘ఫా’ కన్నతండ్రి. రెండో ‘ఫా’ చిన్నాన్న. జులాలో, తెలుగులో ఇందులో తికమక ఏమీ లేదు. కాగితం మీద మాత్రం రెండుచోట్లా ‘పాద్రె’ పడుతుంది. ముందు చనిపోయిన తండ్రి తర్వాత ఎలా కొట్టాడు? ఆశ్రయం ఇవ్వాలా వద్దా అని తేల్చేది, చెప్పిన మాటల్లో పొంతన ఉందా లేదా అన్నదాన్ని బట్టి కూడా. తర్వాత అతను “ఫాదెన్లు భూమి కోసం నన్ను బతకనివ్వరు” అంటాడు. కాగితం మీద ‘ఫ్రతెల్లి’, సోదరులు. సొంత అన్నదమ్ములు చంపుతారా అని చదివినవాడికి అనుమానం. దాయాదులు అనే మాట ఆ కాగితంలో ఉండి ఉంటే ఆ అనుమానం రాదు.

అక్కడ కూర్చున్న దుబాసీ మంచివాడైతే ఒక్క ప్రశ్న అడుగుతాడు: “ఏ ఫా? కన్నవాడా, ఆయన తమ్ముడా?” అంతే. ఐదు సెకన్ల పని. ఆ ఐదు సెకన్లు ఇవ్వాలంటే దుబాసీకి రెండు భాషలూ నేరుగా రావాలి, అధికారికి ఆగే ఓపిక ఉండాలి, ప్రశ్న అడిగే హక్కు దుబాసీకి ఉందని ఒప్పుకోవాలి. యాప్‌కి మామూలుగా ఆ అలవాటు ఉండదు. అది అనుమానం వస్తే ఆగి అడగదు, ఏదో ఒకటి ఎంచుకుని ధీమాగా చూపిస్తుంది.

నేను టెక్నాలజీకి వ్యతిరేకిని కాదు, నా అన్నం అదే పెట్టింది. ఫోన్‌లో జులా వచ్చినందుకు నాకు సంతోషమే. దారి అడగడానికి, మందు చీటీ చదవడానికి, టికెట్ కొనడానికి అది సరిపోతుంది. మనిషి బతుకు తేలే చోట మాత్రం, మధ్యలో ఎవరున్నారు, మాట ఏ భాష మీదుగా వచ్చింది అని అడగాలి. కదమోస్తో ఓడ మీద ఆ మధ్య మనిషి వెల ఒక బానిస. ఈ గదిలో అతనికి ఎంత టైమ్ ఇస్తున్నాం, ఎంత జీతం ఇస్తున్నాం అన్నది కూడా ఆ లెక్కకి కొనసాగింపే.

మీరు చేయగలిగింది ఒకటుంది. దాయాది, తోడికోడలు, మరదలు, మేనత్త, ఇలాంటి మన మాటలు ఒక పది తీసుకోండి. మీ ఫోన్‌లో ముందు ఇటాలియన్‌లోకి మార్చండి, వచ్చినదాన్ని మళ్ళీ తెలుగులోకి తెచ్చుకోండి. ఏవి ఇల్లు చేరాయో, ఏవి దారిలో దిగిపోయాయో రాసుకోండి. అలా దిగిపోయే మాటలు జులాలోనూ ఉన్నాయి. ఆ గదిలో కూర్చున్న కుర్రాడికి అవే కావాలి.